చిట్టీల కోడ్‌ల ఏఎమ్‌టీ, ఏఎమ్‌టీ1, ఏఎమ్‌టీ2... వీటికి పేర్లు ఎట్ల పెట్టాలె?

కరీంనగర్_కోడర్:

అన్నలూ అక్కలూ ఒక డౌట్, కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవుండ్రి. నేను చిట్‌ఫండ్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చే ఒక చిన్న టీమ్‌ల ఉన్న. బ్యాకెండ్ అంత పైతాన్. కోడ్ పాతది, మొదలు రాసినాయన ఎప్పుడో మానేసి పోయిండు. నెలనెలా పాట అయినంక గెలిచినోళ్లకు ఎంతియ్యాలె, మిగిలినోళ్లు ఎంత కట్టాలె అని లెక్కగట్టే ఫంక్షన్ ఒకటుంది, దాని పేరు కాల్క్. ఉత్త కాల్క్. దాంట్ల ఏఎమ్‌టీ (అమౌంట్‌కు పొట్టి పేరు), ఏఎమ్‌టీ1, ఏఎమ్‌టీ2, ఫైనల్_ఏఎమ్‌టీ, టెంప్, డివ్ (డివిడెండ్), పీ, ఫ్లాగ్ అని వేరియబుల్స్ ఉన్నయి, అంటే విలువలు పెట్టుకునే పేర్లు. పైన ట్వెల్వ్ అని ఒక కాన్‌స్టంట్ (మారని విలువ) ఉంటది, దాని వాల్యూ 0.18. జోక్ కాదు, నిజంగనే.

ఇప్పుడు నాకిచ్చిన పని ఏందంటే టైముకు కట్టనోళ్లకు ఆ నెల డివిడెండ్, అంటే పాటల తగ్గినదాంట్ల వాళ్లకొచ్చే వాటా, కట్ చేసుడు. ఆ ఫంక్షన్లనే నాలుగు లైన్లు కలిపి ఏఎమ్‌టీ3 అని పెట్టి రివ్యూకు పంపిన, ఉన్న స్టైల్లనే ఉంటే మంచిదిగదా అని. మా లీడ్ సార్ లాజిక్ మీద ఒక్క మాట అనలే, కామెంట్లన్నీ పేర్ల మీదనే. ఇది ఏ అమౌంట్? ఈ ఫ్లాగ్ ట్రూ అయితే ఏమైనట్టు? గట్ల. పక్క సీటాయనేమో పొడుగు పేర్లు జావావాళ్ల జబ్బు, పైన ఒక కామెంట్ రాసి పారెయ్ అంటడు.

నాకు కావాల్సింది ఏందంటే, పేరు ఎంత పొడుగుంటే చాలు, పాత పేర్లు కూడ మార్చాల్నా లేక నా నాలుగు లైన్లే చూస్కోవాల్నా, ఇంకోటి మా క్లయింట్ దగ్గర క్యాషియర్లు ఎవ్వరూ ఆక్షన్ అనరు, పాట అనే అంటరు, ఇన్‌స్టాల్‌మెంట్ అనరు వాయిదా అంటరు, కోడ్‌ల గూడ అవే పెడితే ఏమైతది?

లెడ్జర్_లక్ష్మి:

తమ్ముడూ, మీ లీడ్ గారు అడిగిన దాంట్లో విషయం ఉంది. చిట్టీలో ఒక్క పాటకే ఎన్ని అమౌంట్లు పుడతాయో ఒకసారి కాగితం మీద వేసి చూడు. 5 లక్షల చిట్టీ అనుకో, 50 మంది, 50 నెలలు, నెలకి 10,000. ఈ నెల ఒకాయన లక్ష తగ్గించి పాడేశాడు. కంపెనీ కమిషన్ 5 శాతం, అది 5 లక్షల మీద కాబట్టి 25,000. లక్షలో అది పోగా మిగిలిన 75,000 యాభై మందికి పంచితే మనిషికి 1,500, అంటే కట్టాల్సింది 8,500. పాడినాయనకి 4 లక్షలు. అయిపోలేదు, కమిషన్ మీద జీఎస్టీ 18 శాతం అంటే 4,500, మామూలుగా అది పాడినాయన దగ్గరే పట్టుకుంటారు కాబట్టి చేతికొచ్చేది 3,95,500. ఇప్పుడు చెప్పు, ఫైనల్ ఏఎమ్‌టీ అంటే 4 లక్షలా, 3,95,500 ఆ, లేకపోతే 8,500 ఆ? మూడూ ఎవరో ఒకరికి ఫైనలే మరి.

నేను పాతికేళ్లుగా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వైపే ఉన్నాను, తెలివైన పేరు కోసం తల బద్దలు కొట్టుకోవడం ఎప్పుడో మానేశాను. ఆ లెక్క చేసే మనిషి ఆ అంకెని ఏమని పిలుస్తుందో అదే పేరు. చిట్టీలకైతే నీకు ఇంకో అదృష్టం ఉంది, చట్టమే ఆ పని చేసి పెట్టింది. 1982 చిట్‌ఫండ్స్ చట్టంలో మొదట చిట్ అమౌంట్, డివిడెండ్, ప్రైజ్ అమౌంట్ అని ఉండేవి. 2019లో సవరణ చేసినప్పుడు ఆ మూడింటికీ పేర్లు మార్చారు, చిట్ అమౌంట్ కాస్తా గ్రాస్ చిట్ అమౌంట్ అయింది, డివిడెండ్ షేర్ ఆఫ్ డిస్కౌంట్ అయింది, ప్రైజ్ అమౌంట్ నెట్ చిట్ అమౌంట్ అయింది. ప్రైజ్ అంటే లాటరీలాగా ఉంటుంది, డివిడెండ్ అంటే షేర్ మార్కెట్‌లాగా ఉంటుంది, చిట్టీలో ఆ రెండూ లేవు కదా. పార్లమెంటు చేసిన రీనేమ్ రిఫాక్టరింగ్ (పని మారకుండా పేర్లు మాత్రం మార్చడం) అనుకో :) అదే సవరణలో కమిషన్ పరిమితి కూడా 5 నుంచి 7 శాతానికి పెంచారు, కాబట్టి మీ కోడ్‌లో ఎక్కడైనా ఫైవ్ అని ఒక కాన్‌స్టంట్ దాక్కుని ఉంటే వెతుకు.

అందుకని నేనైతే ఇలా పెడతాను: గ్రాస్_చిట్_అమౌంట్, బిడ్_డిస్కౌంట్, ఫోర్‌మన్_కమిషన్ (ఫోర్‌మన్ అంటే చిట్టీ నడిపేవాళ్లు), షేర్_ఆఫ్_డిస్కౌంట్, నెట్_చిట్_అమౌంట్. ఆ 3,95,500కి చట్టంలో పేరు లేదు, నువ్వే పెట్టాలి, పేఅవుట్_ఆఫ్టర్_జీఎస్టీ లాంటిది చాలు. 8,500కి ఇన్‌స్టాల్‌మెంట్_డ్యూ. ఇప్పుడు నీ నాలుగు లైన్ల సంగతి చూడు, లేటుగా కట్టినవాళ్లకి కట్ చేసేది షేర్_ఆఫ్_డిస్కౌంట్ అన్నమాట, అంటే వాళ్లు 8,500 బదులు పూర్తి 10,000 కడతారు. అలా కట్ చేసిన 1,500 ఎవరికి పోతుంది? కంపెనీకా, మిగతా 49 మందికా? ఏఎమ్‌టీ3 అని రాస్తే ఈ ప్రశ్నే రాదు. ఫర్‌ఫీటెడ్_షేర్ అని రాయబోతే పేరు దగ్గరే ఆగిపోయి క్లయింట్‌ని అడగాల్సి వస్తుంది.

ట్వెల్వ్ సంగతి చదివి నవ్వాను. చిట్టీ కమిషన్ మీద జీఎస్టీ 2022 జులైలో 12 నుంచి 18 చేశారు, అప్పుడు ఎవరో వాల్యూ మార్చేసి పేరు అలాగే వదిలేశారు. జీఎస్టీ_రేట్_ఆన్_కమిషన్ అని ముందే ఉంటే రేటు ఎన్నిసార్లు మారినా పేరుకి పనుండేది కాదు.

నల్_పాయింటర్:

లక్ష్మి గారి లిస్ట్ బానే ఉంది కానీ బ్రో ఇది చదివేసి ప్రతిదానికీ నాలుగు పదాల పేరు పెట్టడం మొదలుపెట్టకు. పక్క సీటాయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. లినక్స్ కెర్నల్ కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్ ఉంటుంది చూడు, దాంట్లో లోకల్ వేరియబుల్స్ (ఒక ఫంక్షన్ లోపలే వాడేవి) పొట్టిగా ఉండాలని క్లియర్‌గా రాసుంటుంది, లూప్ కౌంటర్‌ని ఐ అంటే చాలు, లూప్_కౌంటర్ అని రాయక్కర్లేదు అని. అదే డాక్యుమెంట్ గ్లోబల్ ఫంక్షన్ (కోడ్‌లో ఎక్కడి నుంచైనా పిలిచేది) దగ్గరికొచ్చేసరికి యాక్టివ్ యూజర్లని లెక్కపెట్టేదైతే కౌంట్_యాక్టివ్_యూజర్స్ అనే పెట్టు, సీఎన్‌టీయూఎస్ఆర్ అని పెట్టకు అంటుంది. గో లాంగ్వేజ్ వాళ్లదీ అదే లైన్, డిక్లేర్ చేసిన చోటు నుంచి ఎంత దూరం వాడతావో పేరు అంత వివరంగా ఉండాలి, మూడు లైన్లలో పుట్టి పోయేదానికి ఒక అక్షరం చాలు.

ఐ, జే అనేవి మన సోమరితనం కూడా కాదు, ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చిన అలవాటు. దాంట్లో ఐ నుంచి ఎన్ వరకు ఏ అక్షరంతో పేరు మొదలైనా డిఫాల్ట్‌గా ఇంటిజర్ (పూర్ణాంకం) అయిపోయేది, మిగతావన్నీ రియల్ (దశాంశాలున్న అంకె). పేరుకి ఆరు అక్షరాలే లిమిట్. ఫోర్‌ట్రాన్ 77 దాకా స్టాండర్డ్‌లో అంతే, 90లో 31 చేశారు. ఏఎమ్‌టీ లాంటి కుదింపులు అలాంటి కాలం నాటివి, అప్పుడు గతిలేక. ఇప్పుడు ఎడిటర్ రెండక్షరాలు కొడితే మిగతాది అదే పూర్తి చేస్తుంది, టైపింగ్ కష్టం అనేది సాకు.

పైగా కాల్క్ అనేది మాడ్యూల్ అంతా, బహుశా రిపోర్ట్స్ కూడా వాడుతుంటాయి. దానికి కావాలి అసలు పెద్ద పేరు. లోపల యాభై మంది మీద తిరిగే లూప్‌లో ఎమ్ అంటే మెంబర్ అని ఎవరికైనా తెలుస్తుంది, దాన్ని కరెంట్_చిట్_మెంబర్_ఆబ్జెక్ట్ చేస్తే చదివేవాడి కళ్లు పోతాయి. డేటా, ఇన్ఫో, ఆబ్జెక్ట్, మేనేజర్, హెల్పర్ ఇవి పొడుగు పెంచుతాయి, సమాచారం పెంచవు.

కరీంనగర్_కోడర్:

లక్ష్మి అక్కా ఆ 1,500 ఎవరికి పోతదో నిజంగనే స్పెక్‌ల (ఏం చెయ్యాల్నో రాసిన కాగితంల) రాసిలేదు, పొద్దున అడుగుత. కాల్క్‌ను ఆరు చోట్ల పిలుస్తున్నరు, నల్ అన్నా. కామెంట్ రాస్తే చాలదా అన్నదానికి మాత్రం ఎవ్వరూ చెప్పలే. ఏఎమ్‌టీ2 పక్కన ఒక లైన్ రాస్తే అదే అర్థం వస్తదిగదా?

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య:

కామెంట్ డిక్లేర్ చేసినచోట ఒక్కసారే ఉంటుంది బాబూ, పేరు వాడిన ప్రతిచోటా ఉంటుంది. 200 లైన్ల కింద ఏఎమ్‌టీ2 కనిపించినప్పుడు పైకెళ్లి కామెంట్ చదివి కిందికొచ్చేలోపు నువ్వు ఎందుకొచ్చావో మర్చిపోతావు. కామెంట్ రాయాల్సిన చోటు వేరే ఉంది, ఎందుకు అనేదానికి. ఉదాహరణకి చాలా చిట్టీల్లో ఒక నెల చిట్టీ డబ్బంతా ఫోర్‌మన్ తీసుకుంటాడు, ఆ నెల డిస్కౌంట్ సున్నా, అది ఎందుకో ఏ పేరూ చెప్పలేదు, అక్కడ రెండు లైన్లు రాయి.

నేను కోబోల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష మనిషిని. మాకు 30 అక్షరాల పేర్లు, మధ్యలో హైఫన్లు, అందరూ నవ్వేవాళ్లు వ్యాసాలు రాస్తున్నారని. ఆ ప్రోగ్రామ్‌లు ఇప్పటికీ తెరిచి చదివితే అర్థమవుతాయి, అది వేరే సంగతి.

పేరు లేకపోవడం కన్నా అబద్ధం చెప్పే పేరు ప్రమాదం. మీ ట్వెల్వ్ ఆ జాతిదే. జావాస్క్రిప్ట్‌లో గెట్‌ఇయర్ అని ఉంది, సంవత్సరం ఇస్తుందనుకుంటాం, అది ఇచ్చేది సంవత్సరంలోంచి 1900 తీసేసిన అంకె. 99 వరకు చాలామందికి తేడా తెలియలేదు. ముందు 19 తగిలించుకుని చూపించే వెబ్‌సైట్లు 2000 జనవరి 1న 19100 అని చూపించాయి. దాని బదులు వాడమని గెట్‌ఫుల్‌ఇయర్ అని కొత్తది 2000కి ముందే పెట్టారు, పాతది తీసేయలేక అలాగే ఉంచారు. దాంట్లోనే గెట్‌డే అంటే వారం, గెట్‌డేట్ అంటే తేదీ, ఇప్పటికీ తడబడనివాడు నాకు కనపడలేదు. విండోస్‌లో ప్రోగ్రామ్‌లకి మెసేజ్‌తో పాటు వచ్చే డబ్ల్యూపారమ్ అనే విలువ చూడండి, ఆ డబ్ల్యూ అంటే వర్డ్, 16 బిట్ల రోజుల్లో పెట్టారు, తర్వాత అది 32 అయింది, 64 అయింది, డబ్ల్యూ మాత్రం ఉండిపోయింది. టైపుని పేరులో కుట్టేస్తే వచ్చే తంటా ఇది.

టైపు వద్దు కానీ యూనిట్ మాత్రం పేరులో ఉండాలని నా గట్టి అభిప్రాయం. 1999 సెప్టెంబర్ 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది, నేల మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకండ్లలో అంకెలిస్తుంటే అవతల దాన్ని న్యూటన్ సెకండ్లు అనుకుని దారి లెక్కేశారు, రెండింటికీ 4.45 రెట్లు తేడా. పేరులో యూనిట్ ఉంటే కచ్చితంగా ఆగేదని నేను అనను, ఏ యూనిట్ వాడాలో డాక్యుమెంట్‌లో రాసే ఉంది, పాటించలేదు అంతే. కానీ చదివేవాడికి ఒక అవకాశం ఉండేది. మీ చిట్టీల్లో ఆ గొడవ రూపాయలా పైసలా అన్నదగ్గర వస్తుంది. ఆన్‌లైన్ పేమెంట్ గేట్‌వేలు కొన్ని పైసల్లో తీసుకుంటాయి, మీ లెడ్జర్ రూపాయల్లో ఉంటుంది, రెండు చోట్లా అమౌంట్ అనే పేరుంటే 8,500 పంపబోయి 85 రూపాయలు వసూలు చేస్తారు. అమౌంట్_పైసే, అమౌంట్_రుపీస్ అని రాస్తే ఒకదాన్ని ఇంకోదానికి అసైన్ చేసే లైన్ చూడగానే ఎబ్బెట్టుగా కనపడుతుంది. టైమ్ కూడా అంతే, పైతాన్ స్లీప్‌కి సెకండ్లు, జావా స్లీప్‌కి మిల్లీసెకండ్లు, రెండు చోట్లా పేరు ఒకటే.

డిప్లాయ్_డాక్టర్:

రీనేమ్ మూడ్‌లో ఉన్నారు కదా అందరూ, కొంచెం బ్రేకులేస్తా. బ్రదర్ నీ వీఎస్ కోడ్‌లో ఎఫ్2 కొడితే లోకల్ వేరియబుల్ పేరు క్షణంలో మారుతుంది, ఆ ఫంక్షన్ లోపల ఉన్నవి మార్చుకో ఎవరికీ నొప్పి లేదు. కానీ డివ్ అనేది డేటాబేస్‌లో కాలమ్ పేరా, మొబైల్ యాప్‌కి వెళ్లే జేసన్‌లో (డేటా పంపే ఫార్మాట్‌లో) కీనా అని ముందు చూడు. బయటికి వెళ్లిన పేరు నీది కాదు ఇక. బ్రాంచిలో ఎవరో ఎక్సెల్‌లో ఆ హెడ్డింగ్ పట్టుకుని ఫార్ములా రాసుకుని ఉంటారు, నీకు తెలియను కూడా తెలియదు.

బయటికెళ్లిన పేరు ఎంత మొండిదంటే, వెబ్‌లో ఏ పేజీ నుంచి వచ్చావో చెప్పే హెడర్ ఉంది కదా రెఫరర్, దాని స్పెల్లింగ్‌లో ఒక ఆర్ తక్కువ. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ డాక్యుమెంట్‌లో అలా పడింది, ఈరోజుకీ ప్రతి బ్రౌజరూ అదే తప్పు స్పెల్లింగ్ పంపుతుంది. తర్వాతెప్పుడో రెఫరర్ పాలసీ అని ఇంకో హెడర్ తెచ్చారు, దాన్ని కరెక్ట్‌గా రాశారు, ఇప్పుడు రెండు స్పెల్లింగులూ గుర్తుపెట్టుకోవాలి. యూనిక్స్‌లో ఫైల్ సృష్టించే క్రియేట్ కాల్‌కి చివర ఈ లేదు, యాభై ఏళ్లు దాటినా ఎవరూ కలపలేదు.

కాబట్టి నీ పని ఇలా చెయ్. ముందు లక్ష్మి గారు వేసిన లెక్కనే టెస్ట్‌గా రాసెయ్, 5 లక్షలు ఇస్తే 4 లక్షలు, 8,500, 3,95,500 రావాలి అని. తర్వాత ఉత్త పేర్లు మార్చిన కమిట్ (ఒకేసారి సేవ్ చేసే మార్పుల కట్ట) ఒకటి, లాజిక్ ముట్టుకోకుండా. ఆ తర్వాత నీ ఫీచర్ వేరే కమిట్. రెండూ కలిపేస్తే 300 లైన్ల డిఫ్‌లో (మారిన లైన్ల జాబితాలో) నీ నాలుగు లైన్లు ఎక్కడున్నాయో మీ లీడ్‌కి కనపడదు. డేటాబేస్ కాలమ్‌ని అలాగే ఉంచి కోడ్‌లోకి తెచ్చేటప్పుడే మంచి పేరుకి మ్యాప్ చేసుకో, ఓఆర్ఎమ్‌లు (డేటాబేస్‌ని కోడ్‌తో కలిపే లైబ్రరీలు) మామూలుగా ఇది చేస్తాయి.

ఫ్లాగ్ గురించి ఎవరూ చెప్పలేదు. అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నలా ఉండాలి అది, హ్యాజ్_పెయిడ్_ఆన్_టైమ్ లాగా. నాట్_లేట్ అని పెట్టకు, ఇఫ్ నాట్ నాట్_లేట్ అని ఎవడో రాస్తాడు, అది చదివినవాడికి ఆ పూట పని జరగదు.

అక్షరం_ముక్క:

తెలుగు పేర్ల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను. పైతాన్ 3 మొదటి నుంచే తెలుగు లిపిలో వేరియబుల్ పేర్లు ఒప్పుకుంటుంది, వాయిదా = 8500 అని రాస్తే హాయిగా నడుస్తుంది, సరదాకి చేసి చూడు. చిక్కు ఎక్కడొస్తుందంటే గేట్‌వే, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా కీబోర్డ్ ఒక కనపడని క్యారెక్టర్ పెడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. పైతాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది, లైన్ ఎంత చూసినా ఏ తప్పూ కనపడదు. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది, అది ఇంకా ఘోరం, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు రెండు వేర్వేరు వేరియబుల్స్ అయిపోతాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే వేరే బాధ. పాటని ఒకరు రెండు ఏలతో రాస్తారు, ఒకరు ఒకటే ఏ పెడతారు, వాయిదా అయితే మనిషికో స్పెల్లింగ్, సెర్చ్ చేస్తే సగమే దొరుకుతాయి. నా ఓటు ఏంటంటే కోడ్‌లో చట్టం వాడిన ఇంగ్లీషు మాటలే పెట్టుకుని, రిపోజిటరీలో (కోడ్ అంతా దాచే చోట) ఒక చిన్న ఫైల్‌లో ఏ పేరుకి క్యాషియర్లు ఏమంటారో రాసిపెట్టు. పాట, వాయిదా, తగ్గింపు, కమిషన్, ఒక్క పేజీ చాలు. ఇంగ్లీషులో సరైన మాటే లేనివాటికి మాత్రం తెలుగు మాటే వాడు, స్పెల్లింగ్ ఆ ఫైల్‌లో ఫిక్స్ చేసేసి.

ఇంకొకటి, మెంబర్ల టేబుల్‌లో ఫస్ట్_నేమ్ లాస్ట్_నేమ్ అని ఉంటే దాని పని కూడా పట్టు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది కదా, ఫారం నింపేవాళ్లు సగం మంది ఫస్ట్_నేమ్‌లో ఇంటిపేరు రాస్తారు, సగం మంది అసలు పేరు. రసీదు మీద శ్రీ అని పెట్టి ఇంటిపేరు మాత్రమే అచ్చవుతుంది. గివెన్_నేమ్, ఫ్యామిలీ_నేమ్ అని పెడితే వరసతో గొడవ లేదు, లాగిన్‌లకి వాడే ఓపెన్‌ఐడీ కనెక్ట్ స్టాండర్డ్‌లో కూడా అవే పేర్లు.

కరీంనగర్_కోడర్:

అందరికీ థాంక్స్. లోపలి పేర్లు మార్చిన కమిట్ ఒకటి పంపిన, టెస్ట్‌లు పాసైనయి, కాలమ్స్ ముట్టలే. కాల్క్‌ను సెటిల్_మంత్లీ_ఆక్షన్ చేసిన. కట్ చేసిన 1,500 సంగతి క్లయింట్ ఇంక చెప్పలే, వాళ్లల్లో వాళ్లకే రెండు మాటలున్నయంట, అది తేలేదాంక ఫీచర్ ఆపిన. ఒక్కటి మిగిలింది, పీ అనేది పీరియడ్ నంబర్ అని తెలిసింది. మంత్_నంబర్ అని పెడితే సరిపోతదా?

లెడ్జర్_లక్ష్మి:

మంత్_నంబర్ పెట్టకు తమ్ముడూ. ఏడో నెల పాటలో వచ్చిన డిస్కౌంట్‌ని కొన్ని కంపెనీలు ఏడో వాయిదాలోనే తగ్గిస్తాయి, కొన్ని ఎనిమిదో వాయిదాలో తగ్గిస్తాయి. ఒకే నంబర్ రెండు పనులకి వాడితే ఒక క్లయింట్ దగ్గర సరిపోయి ఇంకో క్లయింట్ దగ్గర ఒక నెల జరిగిపోతుంది. ఆక్షన్_నంబర్ వేరే, ఇన్‌స్టాల్‌మెంట్_నంబర్ వేరే పెట్టు, రెండో క్లయింట్‌ది ఏ పద్ధతో వాళ్ల పాస్‌బుక్ ఒకటి తెప్పించుకుని చూడు.